అరకులో ఏం చూడాలి, ఎలా తిరగాలి: మా గెస్ట్‌హౌస్‌కి వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గది బుక్ అయిన మరుక్షణం నుంచి ఫోన్ మోగుతూనే ఉంటుంది. అడిగేవి మాత్రం అటూ ఇటూగా ఇవే. "రోజుకి పదిసార్లు అదే చెప్పే బదులు ఒకసారి రాసి పెట్టరాదా" అని ఇంట్లో పోరు పెడితే కూర్చుని రాశాను. మాది అరకు బజారుకి ఆరు కిలోమీటర్లు, డుంబ్రిగూడ దారిలో. నాలుగు గదులు. ముందు వలిసె చేను, వెనక మా నాన్న వేసిన కాఫీ తోట.

ఒక్కరోజులో అరకు మొత్తం చూసేయొచ్చా?

చూసేయొచ్చు. పొద్దున్నే వైజాగ్‌లో కారెక్కి, బొర్రా గుహలు, గాలికొండ, కాఫీ తోట దగ్గర ఫొటో, పద్మాపురం గార్డెన్స్, ట్రైబల్ మ్యూజియం, చాపరాయి అన్నీ చుట్టేసి రాత్రి పదికల్లా మళ్లీ వైజాగ్ చేరేవాళ్లు బోలెడంతమంది. వాళ్లు ఎక్కువసేపు చూసేది కారు ముందు సీటు వెనక భాగాన్నే. వైజాగ్ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అక్కణ్నుంచి వేగం మన చేతిలో ఉండదు, ముందు వెళ్లే లారీ చేతిలో ఉంటుంది.

కనీసం రెండు రాత్రులు ఉండండి. ఇది వ్యాపారం కోసం చెబుతున్నానని అనుకున్నా పర్వాలేదు. ఇక్కడ చూడాల్సినవి తెల్లవారుజామున, సాయంత్రం పూట ఉంటాయి. ఒక్కరోజు వచ్చేవాళ్లకి దొరికేది మిట్టమధ్యాహ్నం.

రైల్లో రావాలా, కార్లోనా?

మొదటిసారి అయితే రైల్లోనే రండి. విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే బండి ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది, పదకొండు ప్రాంతంలో అరకులో దింపుతుంది. కొత్తవలస-కిరండూల్ లైను అసలు మనుషుల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని వైజాగ్ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి వేశారు. ఇప్పటికీ దారి పొడవునా గూడ్సు బండ్లే ఎదురవుతాయి. వాటికి దారివ్వడానికి మన బండి ఎక్కడో ఆగితే విసుక్కోకండి, అది వాటి లైను.

శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ... ఈ స్టేషన్ల మధ్య సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు, మూడో సొరంగం నుంచి పెద్దవాళ్లూ కలుస్తారు. శిమిలిగుడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలో ఎత్తైనదిగా దానికి పేరు. బోర్డు దగ్గర ఫొటోకి దిగేవాళ్లుంటారు. బండి అక్కడ ఆగేది కొద్దిసేపే, చూసుకోండి.

విస్టాడోమ్ బోగీ 2017లో వచ్చింది. పైకప్పుకి అద్దాలు, సీట్లు ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. కాబట్టి ఏ వైపు కిటికీ అన్న టెన్షన్ లేదు. సెలవుల్లో టికెట్లు ఇలా తెరిస్తే అలా అయిపోతాయి. దొరక్కపోతే మామూలు బోగీలో రండి. కిటికీ తెరిచి ఉంటుంది, గాలి తగులుతుంది, మధ్యలో జామకాయలు ఎక్కుతాయి. నన్నడిగితే అదే బాగుంటుంది.

భారీ వానలప్పుడు పట్టాల మీద కొండచరియలు పడి బండి రద్దవుతూ ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో వచ్చేవాళ్లు బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

బొర్రా గుహల దగ్గర దిగి చూసి రావడం మంచిదా, అరకు వచ్చాక వెనక్కి వెళ్లడమా?

సామాను తక్కువుంటే బొర్రా గుహలు స్టేషన్‌లో దిగిపోండి. గుహలు చూసుకుని, అక్కణ్నుంచి జీపులోనో టాక్సీలోనో ఘాట్ మీదుగా రండి. దారిలోనే గాలికొండ వ్యూ పాయింట్, అనంతగిరి కాఫీ తోటలు తగులుతాయి. పెద్ద పెట్టెలుంటే మాత్రం అరకు వచ్చేయండి. పెట్టెలు లాగుతూ గుహల మెట్లు దిగిన కుటుంబాన్ని నేను కళ్లారా చూశాను.

గుహలు సున్నపురాయివి. పైనుంచి ఇంకిన నీళ్లు రాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ దిగి, చుక్క జారే చోట ఆ సున్నాన్ని వదిలేసి పోతాయి. అలా పైనుంచి ఒకటి వేలాడుతుంది, కిందినుంచి ఒకటి లేస్తుంది. వేల ఏళ్లకి రెండూ కలిసి స్తంభమవుతాయి. లోపల గైడ్లు ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి చూపిస్తారు. పైనున్న శివలింగం దగ్గరికి ఎక్కడానికి మెట్లున్నాయి, మోకాళ్లు బాగుంటేనే ఎక్కండి. ఎప్పుడో ఆవు ఒకటి పైనున్న కంతలోంచి లోపల పడితే, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి ఈ లింగం కనబడిందని ఇక్కడివాళ్లు చెప్పుకునే కథ. గోస్తనీ నది పేరుకీ ఆ ఆవుకీ చుట్టరికం కలుపుతారు. రంగురంగుల లైట్లు నాకు నచ్చవు. గబ్బిలాలకీ నచ్చవనుకుంటా.

గుహల పైనుంచే రైలు పట్టాలు వెళతాయి. లోపల ఉండగా గూడ్సు వెళితే చెవి పెట్టి వినండి.

సాయంత్రం నాలుగున్నరకల్లా టికెట్ చేతిలో ఉండేలా చూసుకోండి. ఆదివారం, కార్తీక మాసం కలిసొచ్చిన రోజున వెళ్లకపోవడమే మేలు.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

నవంబరు, డిసెంబరు అని అందరూ చెబుతారు, అబద్ధం కాదు. వలిసె పూలు విరగబూసి కొండ కింద చేలన్నీ పసుపు పచ్చగా ఉంటాయి. కాఫీ పండ్లు ఎర్రబడతాయి. చలి డిసెంబరు, జనవరిలో పది డిగ్రీల కిందికి దిగుతుంది. వలిసెలు నూనె గింజల పంట, మీ ఫొటో కోసం వేసింది కాదు. చేను మధ్యలోకి దిగి తొక్కితే రైతుకి కడుపు మండుతుంది. కొందరు గట్టు దగ్గర నిలబడి పది, ఇరవై రూపాయలు అడుగుతారు. ఇవ్వండి, న్యాయమే.

వానాకాలం నాకు ఇష్టం. జూలై నుంచి సెప్టెంబరు దాకా గెడ్డలన్నీ, అంటే కొండ వాగులన్నీ, పొంగి పారుతాయి, కొండలు ఎంత పచ్చగా ఉంటాయో మాటల్లో చెప్పలేను. గదులూ చవక. కాకపోతే మూడు రోజులు వరండాలో కూర్చుని వాన చూడ్డానికి సిద్ధపడి రావాలి.

మార్చి, ఏప్రిల్‌లో ఒక్క వాన పడితే చాలు, కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. మల్లెల్లాంటి వాసన. నాలుగైదు రోజులే ఉంటుంది, ఏ రోజని ముందుగా చెప్పలేం.

మేఘాల కొండ ఎక్కాలి. వంజంగి వెళ్లాలా, మాడగడ చాలా?

ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. వంజంగి పాడేరు దగ్గర ఉంది. మా దగ్గర్నుంచి వెళ్లాలంటే తెల్లవారుజామున మూడింటికే బండెక్కాలి, ఆ తర్వాత చీకట్లో కొండ నడక. పైన నిలబడితే కింద లోయ నిండా పాలు పోసినట్టు మబ్బు, దాని మీద దీవుల్లా కొండ శిఖరాలు. చూసినవాళ్లు మర్చిపోరు. కానీ శని, ఆదివారాల్లో మబ్బుల కంటే మనుషులే ఎక్కువ. వంజంగి మీద అంత మనసుంటే ముందు రాత్రి పాడేరులోనే ఉండండి. మా గది ఒక రాత్రి ఖాళీ అయినా సరే.

మాడగడ అరకు దగ్గరే. ఐదింటికి బయల్దేరినా సూర్యోదయం అందుతుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలకి అదే హాయి.

మబ్బు కనబడుతుందని గ్యారంటీ ఇస్తారా అని అడుగుతారు. ఇవ్వను. రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి లేకుండా ఉంటే నేల బాగా చల్లబడుతుంది. ఆ చల్లగాలి లోయలోకి జారి, అక్కడున్న తేమ పొగమంచుగా గూడుకడుతుంది. అంటే ముందు రాత్రి మా పెరట్లోంచి చుక్కలు బాగా కనబడితే ఆశ పెట్టుకోవచ్చు. రాత్రంతా మబ్బు పట్టి గాలి వీస్తుంటే, నాలుగింటికి మిమ్మల్ని లేపను, పడుకోండి. ఎండ ఎక్కితే ఎనిమిదింటికల్లా అంతా కరిగిపోతుంది.

చాపరాయి, కటికి జలపాతం పిల్లలతో వెళ్లొచ్చా?

చాపరాయికి వెళ్లొచ్చు, మాకు దగ్గర. గెడ్డ నీళ్లు వాలుగా ఉన్న పెద్ద బండ మీదుగా చాపలా పరుచుకుని పారతాయి, అందుకే ఆ పేరు. చూడ్డానికి పాదం తడిసేంత లోతే అనిపిస్తుంది. మోసం అంతా అక్కడే. బండ మీద పాచి పట్టి ఉంటుంది, జారితే ఆగడానికి ఏమీ ఉండదు, కింద గుండాలున్నాయి. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. మా దగ్గర దిగిన ఒకాయన "నేను గోదావరిలో ఈదినవాణ్ని" అని రబ్బరు చెప్పులతో నడిచి, రెండు నిమిషాల్లో మోకాలు చిట్లించుకుని వచ్చాడు. ఈతకీ పాచికీ సంబంధం లేదు. తాడు కట్టిన హద్దు దాటకండి. వాన పడుతుంటే అసలు వద్దు. ఇక్కడ చినుకే పడుతున్నా పైన కొండల్లో కుండపోత ఉండొచ్చు, నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి.

కటికి జలపాతం బొర్రా వైపు ఉంది. సొంత కారు కిందే వదిలేసి స్థానిక జీపు మాట్లాడుకోండి. ఆ దారి మీ కారు కోసం కాదు. జీపు దిగాక కాస్త నడక. బొర్రా చూసిన రోజే కలిపేసుకోండి.

కాఫీ తోటలో ఏం చూపిస్తారు?

మా తోటే చూపిస్తాం, ప్రత్యేకంగా టికెట్ లేదు. ఇక్కడిది అరబికా రకం. ఎండ నేరుగా తగలకూడదని పైన సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు, వాటి మీదికి మిరియాల తీగ పాకిస్తారు. ఒకే నేలలో మూడు కనబడతాయన్నమాట. నవంబరు నుంచి జనవరి దాకా కోత. ఎర్రటి పండే కోయాలి, పచ్చిది కోస్తే మా నాన్న ఊరుకోరు. అతిథి అయినా సరే. పండు నోట్లో వేసుకుని చప్పరించండి, తియ్యగా ఉంటుంది. కాఫీ వాసన ఏమీ రాదు. అందరూ ఆశ్చర్యపోయేది అక్కడే. పై తోలు తీసి, నానబెట్టి, జిగురు కడిగి, ఎండబెట్టి, వేయించాకే మీకు తెలిసిన ఆ వాసన.

అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంటికి పొడి కొనుక్కెళ్లేవాళ్లు గిరిజన సహకార సంస్థ దుకాణంలో తీసుకోండి, తేనె కూడా అక్కడే. రోడ్డు పక్క సీసాల్లో అమ్మే తేనెకి నేను పూచీ పడలేను.

గెస్ట్‌హౌస్ చుట్టూ నడవడానికి దారులున్నాయా?

ఉన్నాయి. తోట వెనక నుంచి గెడ్డ దాకా అరగంట, తోడు అక్కర్లేదు. గెడ్డ దాటి పై ఊరికి రెండు గంటల నడక. దానికి మా ఊరి కుర్రాడు ఒకడు తోడొస్తాడు, డబ్బు అతని చేతికే ఇవ్వండి, మాకు వాటా లేదు. దారిలో పోడు చేలు, సామలు, చోళ్లు, అడవి పసుపు కనబడతాయి. చోళ్లంటే రాగులే, మా వైపు అలా అంటాం. ఊళ్లోకి వెళ్లాక ఇళ్లలోకి తొంగి చూడ్డం, అడక్కుండా ముసలమ్మల ముక్కు పోగులు ఫొటో తీయడం వద్దు. అడిగితే చాలామంది నవ్వుతూ నిలబడతారు, వద్దంటే వద్దనే.

సంత ఏ రోజు?

ఒక్కో ఊరికి ఒక్కో వారం. మీరు వచ్చే తేదీ చెబితే ఆ రోజు దగ్గర్లో ఏ సంత ఉందో చెబుతాం. తప్పకుండా వెళ్లండి. మ్యూజియంలో బొమ్మలుగా కనబడేవన్నీ అక్కడ మనుషులుగా తిరుగుతుంటాయి. కొండల మీద నుంచి నెత్తిన బుట్టలతో దిగొచ్చి అమ్ముకుంటారు: రాజ్‌మా, పిప్పళ్లు, అల్లం, పసుపు, చింతపండు, అడ్డాకులు, పనసకాయలు, సీజన్‌లో సీతాఫలాలు. తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా, కువి మాటలు వినబడతాయి. పదకొండులోపు వెళ్లాలి, మధ్యాహ్నానికి సగం ఖాళీ. చిల్లర తీసుకెళ్లండి. రాజ్‌మా కిలో మీద ఐదు రూపాయలు తగ్గించమని పావుగంట బేరమాడే పెద్దమనుషుల్ని చూస్తే నాకు సిగ్గేస్తుంది.

బొంగులో చికెన్ మీ దగ్గర దొరుకుతుందా?

దొరుకుతుంది, మూడు గంటల ముందు చెప్పాలి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తాం. నూనె వేయం, నీళ్లు పోయం. పచ్చి బొంగులో ఉండే తడితోనే ఉడుకుతుంది. రోడ్డు పక్క ఎర్రగా మెరిసేది కొంతవరకు రంగే. శాకాహారులకి బొంగులో పుట్టగొడుగులు, పనీర్ చేస్తాం. పొద్దున్న చోడి అంబలి అడిగి తాగండి, చాలామందికి అడగాలని తెలీదు.

జీలుగు కల్లు గురించి మగవాళ్లు నెమ్మదిగా పక్కకి పిలిచి అడుగుతారు. తెల్లారగట్ల చెట్టు దించినప్పుడు తియ్యగానే ఉంటుంది. ఎవరు దించారో తెలియని కల్లు, మధ్యాహ్నం దాకా నిలవున్న కల్లు ముట్టుకోవద్దు.

రాత్రి చలిమంట దగ్గర థింసా పెట్టిస్తారా?

థింసా అంటే మా ఊళ్లల్లో పెళ్లికీ, పండగకీ ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసి వరసగా ఆడేది. డప్పు, తుడుము, కిరిడి, మోరి మోగుతుంటే మెల్లగా మొదలై వేగం అందుకుంటుంది. పగలంతా చేలో నడుం వంచినవాళ్లని రాత్రి పదింటికి "ఇంకో పాటకి ఆడండి" అనడం నాకు నచ్చదు. కనీసం ఎనిమిది మంది అతిథులుండి, రెండు రోజుల ముందు చెబితే ఊళ్లో బృందాన్ని అడుగుతాను. వాళ్లు సరేనంటేనే, ఎనిమిదిన్నరలోపే. వాళ్లతో కలిసి మీరూ ఆడొచ్చు, వరసలో మీ వల్ల ఎవరూ పడిపోకుండా చూసుకుంటే చాలు. చైత్రంలో ఇటుకల పండగప్పుడు వస్తే ఎవరినీ అడగక్కర్లేదు, ఊరంతా ఆడుతుంది.

చలిమంట మాత్రం రోజూ ఉంటుంది. స్పీకర్లు వద్దు.

అమ్మానాన్నల్ని తీసుకొస్తున్నాం, ఎక్కువ నడవలేరు.

పద్మాపురం గార్డెన్స్‌లో టాయ్ ట్రైన్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన తోట అది. మ్యూజియం, కాఫీ మ్యూజియం పక్కపక్కనే ఉన్నట్టు. హుకుంపేట వైపు మత్స్యగుండం కూడా బాగుంటుంది. అక్కడి చేపల్ని దేవుడి చేపలంటారు, ఎవరూ పట్టరు, పెద్దవాళ్లు మరమరాలు వేస్తూ గంటసేపు కూర్చుండిపోతారు. ఘాట్‌లో కళ్లు తిరిగే అలవాటుంటే ముందు సీట్లో కూర్చోబెట్టండి, బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టకండి.

లంబసింగి కూడా కలుపుకోవచ్చా?

మ్యాపులో పక్కనే అనిపిస్తుంది. మా దగ్గర్నుంచి తొంభై కిలోమీటర్ల పైచిలుకు, అన్నీ మలుపులే. చింతపల్లి మండలం అది. వెళితే ఒక రాత్రి అక్కడే ఉండేలా వెళ్లండి, తాజంగి రిజర్వాయరు చూసుకుని నర్సీపట్నం మీదుగా దిగిపోండి. వెనక్కి మా దగ్గరికి రావద్దు.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకి ఆ దారి వేరేలా కనబడుతుంది. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న మొదట దాడి చేసింది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద, తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలోనే ఉంది. మీరు ఏసీ కారులో ఎక్కే ఆ కొండల్లో రోడ్లు వేయించడానికి మన్యం జనంతో చాలీచాలని కూలికి పని చేయించుకున్న కోపం కూడా ఆ తిరుగుబాటుకి ఒక కారణం. మా జిల్లాకి 2022లో ఆయన పేరే పెట్టారు.

దారిలో పోలీసులు బండి ఆపి వెతుకుతారట?

వెతుకుతారు, గంజాయి కోసం. నిమిషం పని, డిక్కీ తెరిచి చూపించండి. తిరుగు ప్రయాణంలో "వైజాగ్‌లో మావాళ్లకి ఈ సంచి ఇచ్చేయండి సార్" అని ఎవరైనా అంటే, ఎంత అమాయకంగా కనబడినా తీసుకోవద్దు.

ఇక్కడ ఒక పదిసెంట్ల స్థలం దొరుకుతుందా?

రెండో రోజు సాయంత్రం, రెండో కప్పు కాఫీ దగ్గర ఈ ప్రశ్న వస్తుంది. దొరకదు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ ప్రకారం, అందరూ 1/70 అనేది అదే, గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనడం చెల్లదు. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద వచ్చిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ప్రైవేటు కంపెనీలకి కూడా ఇదే వర్తిస్తుందని చెప్పింది. ఎవరైనా బ్రోకరు "పేరు వేరేవాళ్లది, అనుభవం మీది" అని చెబితే, డబ్బు పోగొట్టుకునేది మీరు. ఈ చట్టం లేకపోతే వలిసె చేను ఉన్న చోట ఈపాటికి రిసార్టు ఉండేది, ఈ పేజీ ఇంకెవరో రాసేవారు.

సిగ్నల్, దోమలు, జలగలు?

సిగ్నల్ వరండాలో వస్తుంది, గదుల్లో రాదు. ఆఫీసు పని పెట్టుకుని రావద్దు. అరకు బజారులో ఏటీఎం, పెట్రోలు బంకు ఉన్నాయి, ఆ తర్వాత నమ్మకం లేదు. ఏజెన్సీలో మలేరియా ఉంది, దోమతెర కట్టే ఉంటుంది, దించుకుని పడుకోండి. తిరిగి వెళ్లాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకి అరకు వెళ్లొచ్చామని చెప్పండి. జలగలు వానాకాలంలోనే. ఉప్పు గుడ్డలో కట్టి ఇస్తాం, కంగారుపడి పీకేయకండి.

చెక్-అవుట్ ఎన్నింటికి?

పదకొండింటికి. వైజాగ్ వెళ్లే రైలు సాయంత్రం కాబట్టి సామాను మా దగ్గరే ఉంచి తిరిగి రావచ్చు. గది ఖాళీగా ఉంటే స్నానానికి వేడినీళ్లు కూడా పెడతాం. కుక్కపిల్లని తెచ్చుకోవచ్చు, మా కుక్కతో దానికి పడితే.